తాత నోట్ల వుక్కు, నా నోట్ల వూట్జు

మొన్న ఆదివారం అటక మీది పాత సామాను దించుతుంటే నా ఐటీఐ నోట్‌బుక్కు దొరికింది. అట్ట సగం చెదలు తిన్నయి గని లోపటి పేజీలు బానే ఉన్నయ్, అప్పట్ల నా చేతిరాత ఇంత ముద్దుగ ఉండెనా అని నాకే నవ్వొచ్చింది. ఫిట్టర్ ట్రేడు, 1988. మధ్యల ఒక పేజీల ఎర్ర ఇంకుతోని గీత గీసి మరీ రాసుకున్న: "వూట్జ్ ఒక రకమైన ఉక్కు. దీనిని వూట్జ్ అను జర్మనీ శాస్త్రవేత్త కనుగొనెను."

ఇది నేను పరీక్షల గూడ రాసిన. రెండు మార్కుల ప్రశ్న, రెండుకు రెండూ పడ్డయి. దిద్దినాయనకు గూడ నాకు తెలిసినంతే తెలుసన్నమాట, ఆయన పేరు, కాలేజీ పేరు నేను చెప్ప, బతికుంటే చల్లగ ఉండాలె.

నవ్వకుండ్రి, నా తప్పుకో కారణం ఉండె. వర్క్‌షాప్‌ల మేం రోజూ పలికే మాటలు సగం మనుషుల పేర్లే గద. ఉక్కు తీసే బెస్సెమర్ పద్ధతిల బెస్సెమర్ ఒక మనిషి. బేరింగులల్ల పోసే బాబిట్ మెటల్, అది అమెరికాల ఐజాక్ బాబిట్ అనే ఆయన 1839ల చేసిండు. గట్టితనం కొలిచే బ్రినెల్ మిషను స్వీడన్ ఇంజనీరు పేరు, రాక్‌వెల్ అంటే ఇద్దరు అమెరికనోళ్ళు, ఇద్దరి ఇంటిపేరు అదే. ఉక్కును ఎర్రగ కాల్చి నీళ్ళల్ల ముంచితే లోపట పుట్టే మార్టెన్‌సైట్ అడాల్ఫ్ మార్టెన్స్ అనే జర్మనాయన పేరు మీద వచ్చింది. ఇన్ని పేర్లు బట్టీ కొట్టినంక బోర్డు మీద వూట్జ్ అని కనబడితే, అదీ చివర్ల టీ జెడ్ పెట్టుకోని, ఎవడైనా ఏమనుకుంటడు? కోటు తొడుక్కోని, మీసాలు మెలేసి, కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక జర్మన్ దొర నా కండ్ల ముందు నిలబడ్డడు. ఆ దొరతోని నేను ఇరవై ఏండ్లు కాపురం చేసిన.

ఇప్పుడు ఆ వాక్యం చదువుకుంటే అసలు తమాషా తెలుస్తది. "వూట్జ్ ఒక రకమైన ఉక్కు" అంటే ఏందో తెలుసా, "ఉక్కు ఒక రకమైన ఉక్కు" అని రాసిన నేను. ఒక్క లైన్ల ఒకే మాటను రెండుసార్లు రాసి, ఒకటి మనది, ఇంకోటి జర్మనీది అనుకున్న.

మాది నిజామాబాద్ జిల్లా, కమ్మర్‌పల్లి దిక్కు పల్లె. మేం కమ్మరోళ్ళం. ఇంటి ముందట వేపచెట్టు కింద తాత కొలిమి ఉంటుండె, ఊర్లె ఎవ్వరి నాగలికి కర్రు అరిగినా, కొడవలికి కక్కు పోయినా, బండి చక్రానికి పట్టా వదులైనా మా ఇంటికే. పైసలు తక్కువ, పంట కాలంల కల్లం కాడ వడ్లు కొలిచి ఇస్తుండ్రి. నేను బడి ఎగ్గొట్టి తిత్తి ఊదుతుంటి, కొన్నేండ్లకు తిత్తి పోయి చెయ్యితోని తిప్పే పంకా వచ్చింది, అది తిప్పుడు సుఖమే గని తిత్తి తీసే ఊపిరి చప్పుడు దానికి లేకుండె. ఎండకాలం అసలే ఉక్కపోత, ఆ పైన కొలిమి సెగ, అందుకే చిన్నప్పుడు ఉక్క పోస్తది గనుకనే దాన్ని ఉక్కు అంటరని గట్టిగ నమ్మిన. అడిగితే తాత నవ్విండు, అవును కాదు చెప్పలే.

తాతకు ఇనుము వేరు, ఉక్కు వేరు. ఎవరన్న ఒక దాన్ని రెండోది అంటే ఊకుంటుండె గాదు. మనం ఇప్పుడు అన్నిటినీ ఇనుప సామాను అనేస్తం గద, ఆయన దగ్గర అది నడవదు. గొడ్డలి ఒళ్ళంతా ఇనుమే, అంచు ఒక్కటే ఉక్కు. "కొడవలికి కక్కు, గొడ్డలికి వుక్కు" అంటుండె. మా ఇంట్ల అందరి నోట్ల ఆ మాట ముందు వ పలుకుతది, వుప్పు, వుల్లిగడ్డ, వురుకుడు, అట్లనే వుక్కు. బడిల సారు ముందట ఉక్కు అంటుంటి, ఇంటికొస్తే వుక్కు. ఈ వ గురించి గుర్తు పెట్టుకోండ్రి, తర్వాత పని పడ్తది.

గొడ్డలికి ఉక్కు వేసుడు చూడాలె మీరు. అరిగి మొద్దుబారిన గొడ్డలిని కొలిమిల ఎర్రగ కాల్చి, దాగలి మీద పెట్టి ఉలితోని అంచును నిలువుగ చీలుస్తడు, పుస్తకం తెరిచినట్టు అది నోరు తెరుస్తది. ఆ నోట్ల లారీ కమాన్‌పట్టీ నుంచి కోసిన ముక్కను, ముందే సన్నగ సాగ్గొట్టి పెట్టుకున్నదాన్ని, తాంబూలం పెట్టినట్టు పెట్టి మూస్తడు. పైన గుప్పెడు సన్న ఇసుక చల్లి మళ్ళ కొలిమిల దోస్తడు. ఇగ అప్పుడు నేను పంకా ఆపొద్దు, తాత మాట్లాడడు, పక్కన నిలబడ్డ రైతు గూడ మాట్లాడడు. ఎరుపు పోయి పసుపు, పసుపు పోయి తెలుపు, ఇసుక కరిగి పాకం లెక్క జారుతుంటది, కాకరపువ్వొత్తి లెక్క చిట్‌చిట్‌మని రవ్వలు లేస్తయి. ఆ రవ్వలు లేసిన గడియల్నే పటకారుతోని బైటికి గుంజి, మా బాపు సమ్మెటతోని, తాత చిన్న సుత్తితోని, టంగ్ టక్ టంగ్ టక్. తాత సుత్తి ఎక్కడ తాకితే బాపు సమ్మెట అక్కడ పడాలె. నాలుగైదు దెబ్బల్లో అతకాలె, లేకపోతే మళ్ళ మొదటికి.

ఆ తర్వాత పదును. అంచు వరకే నీళ్ళ తొట్టిల ముంచి తీసి, సానరాయితోని ఒక్కసారి రుద్దితే తెల్లటి గీత కనబడ్తది, వెనకనుంచి వేడి అంచుకు నడుచుకుంట వస్తుంటే ఆ గీత మీద రంగులు పరుగెత్తుతయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత వంకాయ రంగు, తర్వాత నెమలి మెడ. వంకాయ రంగు కాడ ముంచాలె. జర తొందరపడితే అంచు పెంకులు లేస్తది, జర ఆలస్యమైతే వంగుతది. ఐటీఐల మాకు గోడకు చార్టు పెట్టిండ్రు, 230 డిగ్రీలు గడ్డి రంగు, 300 డిగ్రీలు నీలం అని. నేను చార్టు చూసి, అరె ఇది మా తాత కండ్లల్ల ఉన్నదే గద అనుకున్న, అదొక్క రోజు నాకు చదువు మీద గౌరవం వచ్చింది.

అయినా మా తాత మీద మాత్రం రావాల్సినంత గౌరవం రాలే, అదే నా బాధ.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు, కొత్తగ నేర్చుకున్న తెలివి ఎవరికన్న చూపెట్టాలె గద, తాతకు చూపెట్టిన. కమ్మరి వీధిల సూదులు అమ్మినట్టన్నమాట. "తాతా, వూట్జ్ అని ఒక స్టీలు ఉండెనట, జర్మనోళ్ళది, మన్ను మూసలల్ల ఇనుము ముక్కలు పెట్టి కరిగించి చేస్తరట, దాంతోని కత్తులు చేస్తే గాల్లె ఎగిరే పట్టుబట్ట గూడ తెగుతదట" అన్న. తాత బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకోని, "మూసలల్లనా? మా తాత చెప్తుండెరా, మనోళ్ళు గూడ కోనసముద్రం దిక్కు మూసలల్ల పెట్టి వుక్కు వండేటోళ్ళట" అన్నడు.

నేనేమన్ననో తెలుసా. "అది వేరే తాతా. ఇది ఇంగ్లీషుది."

తాత ఇంకేం అనలే. చెవి మీది బీడీ తీసి మళ్ళ ముట్టించుకున్నడు. 1994ల పోయిండు ఆయన. ఆ సంవత్సరమే నేను బాలానగర్ల ఒక చిన్న షెడ్డుల లేతు మీద పనికి కుదిరిన, చావుకు పోయొచ్చి మూడో రోజు డ్యూటీ ఎక్కిన.

తర్వాత కథ అందరి కథే. మా దిక్కు ఇంటికొకరు గల్ఫుల ఉంటరు, నేనూ పోయిన. ఫ్యాబ్రికేషన్ యార్డు, ఒక రూముల ఎనిమిది మందిమి, నా కింది మంచమాయన సేలం నుంచి వచ్చిన వెల్డరు. ఆయనకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు, ఇద్దరం వచ్చీ రాని హిందీతోని నడిపిస్తుంటిమి. ఒకరోజు ఊరి ముచ్చట్లు వస్తే తన తమ్ముడు సేలం స్టీల్ ప్లాంటుల చేస్తడని చెప్పిండు, చెప్తుంటే మధ్యల తన భాషల "ఉరుక్కాలై" అన్నడు. ఉరుక్కు ఆలై, అంటే స్టీలు ఫ్యాక్టరీ. నేను ఒక్కసారి లేచి కూసున్న. ఉరుక్కు అంటే ఏందన్న అని అడిగితే స్టవ్ దిక్కు చెయ్యి చూపెట్టి, వెన్న గిన్నెల వేసి కరిగించినట్టు చేతులతోని చేసి చూపెట్టిండు, అదీ ఉరుక్కుడే, ఇదీ ఉరుక్కే. కరిగించేది గనుక ఉరుక్కు. కన్నడల అదే ఉర్కు అయి, మధ్యల ర కరిగిపోయి ఉక్కు అయింది, మన తెలుగుల గూడ ఉక్కే. మనకు మాత్రం వెన్న కరుగుతది గని ఉరకది, అందుకే మన ఉక్కు కడుపుల ఉన్న మంట మనకు వినబడదు. ఇనుమును కొట్టి సాగదీస్తరు, ఉక్కును కరిగించి తీస్తరు, ఇదంతా ఆ ఒక్క మాటల ఉన్నది. నా చిన్నప్పటి ఉక్కపోత లెక్క తప్పే గని, వేడి అనే కాడికి మాత్రం దగ్గరికే పోయిన.

ఆ రాత్రి డ్యూటీ దిగినంక ఫోన్ల వెతుకుడు మొదలుపెట్టిన, అప్పుడప్పుడే చేతికి మంచి ఫోన్ వచ్చింది. వెతుకుతుంటే వెతుకుతుంటే నా జర్మన్ దొర చచ్చిపోయిండు.

జరిగింది ఇదీ. బొంబాయిల హెలెనస్ స్కాట్ అని ఒక స్కాట్లాండు డాక్టరు ఉండె. ఆయన 1794ల లండన్ల శాస్త్రవేత్తల సంఘం, రాయల్ సొసైటీ అంటరు, దాని ప్రెసిడెంటు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఈ దేశపు ఉక్కు ముద్దలు కొన్ని పంపించిండు. పంపించుకుంట, దీనంత గట్టి పదును ఈ దిక్కు ఇంక దేనికీ రాదు, తుపాకీల చెకుముకి రాయి తాకే కాడ వాడ్తరు, రాళ్ళు కోసే ఉలులకు, ఆకురాళ్ళకు, రంపాలకు, లేతు మీద ఇనుము కోసుడుకు వాడ్తరు అని రాసిండు. లేతు మీద ఇనుము కోసుడుకు! నేను బాలానగర్ల పదేండ్లు చేసిన పని అదే గద, హెచ్‌ఎస్‌ఎస్ టూల్ బిట్టు రుద్దుకుంట, ఇది ఏ దేశపోళ్ళు కనిపెట్టిండ్రో గని దండం పెట్టాలె అనుకుంట.

ఆ ముద్దలను జార్జ్ పియర్సన్ అనే డాక్టరు పరీక్ష చేసి, 1795 జూన్ 11న రాయల్ సొసైటీల చదివిండు. గుండ్రటి బిళ్ళలు, 5 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం, ఒక్కోటి 2 పౌండ్ల కంటె ఎక్కువ బరువు, అంటే కిలోకు అటుఇటు. ఆ వ్యాసం పేర్లనే ఉన్నది, "బొంబాయిలో తయారై, అక్కడ వూట్జ్ అని పిలవబడే ఒక రకం ఉక్కు" అని. ఇంగ్లీషుల ఆ మాట అచ్చుల కనబడ్డది అదే మొదటిసారి. ఆ ఒక్క లైన్ల రెండు తప్పులున్నయి చూడండ్రి. బొంబాయిల తయారు గాలే, బొంబాయి నుంచి ఓడ ఎక్కింది అంతే. మా దిక్కు పసుపు సాంగ్లీ మార్కెట్‌కు పోయినంక సాంగ్లీ పసుపు అయినట్టు. ఇగ రెండోది, అక్కడ గాదు గద, ఈ భూమ్మీద ఏ ఊర్లె ఎవ్వరూ దాన్ని వూట్జ్ అని పిలవలే.

1886ల యూల్, బర్నెల్ అని ఇద్దరు దొరలు మన దేశం నుంచి ఇంగ్లీషులకు పోయిన మాటలన్నీ ఏరి హాబ్సన్ జాబ్సన్ అనే డిక్షనరీ అచ్చేసిండ్రు. వాళ్ళు గూడ ఇదే రాసిండ్రు, ఏ భాషల్నూ ఉక్కుకు ఇట్లాంటి పేరు లేదు, ఇది ఎవడో గుమాస్తా చేతిరాత సరిగ్గ చదవక చేసిన పొరపాటే అయ్యుంటది, కన్నడల ఉక్కు అంటరు, పలికేటప్పుడు వుక్కు అంటరు, దాన్ని ఇంగ్లీషుల వూక్ అని రాస్తే ఎవరో వూట్జ్ అని చదివి ఉంటరు అని. ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే ఇంకొకాయన కాదు కాదు, ఉచ్చ నీచ అంటరు గద, ఉచ్చ అంటే మేలు రకం, అదే వూట్జ్ అయింది అన్నడట గని యూల్, బర్నెల్ వుక్కు దిక్కే మొగ్గిండ్రు. నేనూ అటే. డిక్షనరీలు చూసి గాదు, తాత నోట్ల ఆ వ విన్నోణ్ణి గనుక. ఆ వ లేకపోతే ఇంగ్లీషోడు ఆ మాటను డబుల్యూతోని ఎందుకు మొదలుపెడ్తడు చెప్పండ్రి.

చాలా పుస్తకాలల్ల కన్నడ మాట అనే ఉంటది, కొన్నిట్ల కన్నడ, తెలుగు రెండూ అని ఉంటది. మనకు సగం పేరన్న ఇయ్యొచ్చు గదా అని మొదట్ల కోపమొచ్చింది, తర్వాత పోనీ అనుకున్న, మాట ఇద్దరిదీ, పోగొట్టుకున్నదీ ఇద్దరమే.

ఆ తప్పుడు మాటే లండన్ల బజారు మాటయింది. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల వ్యాపారి, సర్జన్ల కత్తులు, గీసుకునే కత్తులు చేసేటాయన, తన దుకాణం కార్డు మీద, ఇవి వూట్జ్ అనే ఇండియా ఉక్కుతోని చేసినవి, యూరప్ ఉక్కులన్నిటి కంటె నాకు ఇదే నచ్చింది అని అచ్చేసుకున్నడు. ఆ స్టోడార్ట్‌తోని కలిసి వూట్జ్ మీద ప్రయోగాలు చేసింది ఎవరనుకుంటున్నరు, మైకేల్ ఫారడే. కరెంటు ఫారడేనే. 1819 నుంచి మూడు నాలుగేండ్లు ఉక్కుల ఏమేం కలిపితే ఏమైతదో చూసిండు, వూట్జ్ గొప్పతనం అందులోని అల్యూమినియం వల్లనే అనుకున్నడు, అది తప్పు. గట్టితనం 1.5 శాతం దాక ఉండే కార్బన్‌ది. తాత వాడే కమాన్‌పట్టీల 0.6 అటుఇటు ఉంటది, రెండింతల కంటె ఎక్కువన్నమాట. ఫారడే తప్పు చేసినా నాకు ఆయన మీద కోపం రాదు, ఎందుకంటే ఆయన వాళ్ళ నాయన కమ్మరి. ఇది చదివిన రోజు నేను మంచం మీద నుంచి కింద సేలమాయనను లేపి మరీ చెప్పిన, ఆయన తిట్టి మళ్ళ పండుకున్నడు.

అరబ్బు దేశంల ఉండి ఇంకొకటి తెలుసుకున్న. ముహన్నద్ అని వాళ్ళల్ల మగపిల్లలకు పేరు పెడ్తరు, సైట్ల రోజూ వింటుంటి, మహమ్మద్ లెక్క ఏదో అనుకున్న. అడిగితే చెప్పిండ్రు, హింద్ నుంచి వచ్చిన ఉక్కుతోని చేసిన ఖడ్గం అని దాని అర్థమట. పాత అరబ్బీ కవితలల్ల ఉంటదట. మార్కోపోలో రాతలల్ల ఒండానిక్ అని వస్తది, అదీ పర్షియాల హిందువానీ, అంటే హిందుస్తాన్ ఉక్కు. మనం వాళ్ళ దేశంల క్యాంపుల పండుకోని, వాళ్ళ దగ్గర ఇనుము అతుకుపెట్టుకుంట బతుకుతున్నం, వాళ్ళేమో మన ఉక్కు పేరు కొడుకులకు పెట్టుకుంటున్నరు. డమాస్కస్ కత్తి అని లోకమంతా అనేది గూడ ఈ ఉక్కుతోని కొట్టిన కత్తులకే, మళ్ళ అదే సాంగ్లీ పసుపు కథ.

2012ల సెలవు మీద వచ్చినప్పుడు మొట్టమొదటి పని, బండేసుకోని కోనసముద్రం పోయిన. మా ఊరికి ఎంత దూరమో చెప్తే సిగ్గుచేటు, అంత దగ్గర ఉండి నలబై ఏండ్లు పోలే. 1820ల నాడు హెన్రీ వోయ్‌సీ అనే దొర ఆ ఊరికి వచ్చిండు, దేశం కొలిచే పెద్ద సర్వేల డాక్టరు, రాళ్ళు రప్పల శాస్త్రం తెలిసినోడు. కోనసముద్రంల ఉక్కు ఎట్ల చేస్తున్నరో కండ్లార చూసి రాసిండు. 1824ల చనిపోయిండు, ఆయన రాసింది 1832ల కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికల అచ్చయింది. ఆయన కోనసముద్రం వచ్చిన నాడు అక్కడ పర్షియాల ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన ఉక్కు కొనుక్కుంట ఉన్నడు. మా దేశంల గూడ ఇది చెయ్యాలని చూసిండ్రు, రాలేదు అని దొరకు చెప్పిండట. ఇస్ఫహాన్ నుంచి కోనసముద్రానికి! ఇప్పుడు నిజామాబాద్ నుంచి పోవుడుకే ఆటో దొరకదు.

ఊర్లె ఒక పెద్దమనిషిని అడిగితే చేన్ల దిక్కు తీసుకపోయిండు. కొలిమిల ఇనుము తీసినంక మిగిలే నల్లటి చిట్టెం కుప్పలు, గాజు లెక్క మెరిసేవి, గడ్డపారతోని తవ్వితే ఇంకా వస్తుంటయట. 2010ల ఇంగ్లండు నుంచి ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు, బెంగుళూరు వాళ్ళు కలిసి మా ఉత్తర తెలంగాణ ఊర్లన్నీ తిరిగి ఇసొంటి జాగలు రాసుకోని పోయిండ్రు. ఆ చిట్టెంల ఒక పెంకు ఏరిన. బైట బూడిద రంగు, కాలి కాలి నున్నగయి పచ్చగ గాజు పూత పట్టింది, లోపట గిన్నె గుంట లెక్క వంపు. చేతుల పట్టుకుంటే కుండపెంకు కంటె బరువు, గోరుతోని కొడితే కంగుమన్నది. మూస పెంకు. వరిపొట్టు కలిపిన మట్టితోని చేస్తరట, పెంకు విరిగిన కాడ ఆ పొట్టు కాలిపోయిన సన్న సన్న గుంటలు కనబడ్తయి. నేను ఆ గుంటల్ల వేలు పెట్టి చానాసేపు కూసున్న. ఉత్త ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలె, మూసల పెట్టిన కట్టె బొగ్గయి ఇనుముల కలిస్తే 1,400 చిల్లర కాడికే కరుగుతది. అయినా ఆ వేడిని ఒక మన్ను గిన్నె, పొట్టు కలిపిన మన్ను, పగలకుండ ఆపింది.

మూసల ఏ కట్టె పెట్టేటోళ్ళో చెప్తే మీరు నమ్మరు. సేలం, మైసూరు దిక్కు రాసిన పాత రాతలల్ల ఉన్నది, తంగేడు కట్టె. ఇనుము ముక్కలు, తంగేడు పుల్లలు పెట్టి, పైన జిల్లేడాకులు కప్పి, మన్ను పెట్టి మూసేటోళ్ళు. తంగేడు! మా అక్కలు బతుకమ్మకు పొద్దుగాల్నే లేచి తెంపుకొచ్చే తంగేడుపువ్వు చెట్టు, ఇప్పుడు మా తెలంగాణ రాష్ట్రపుష్పం. తాతకు జర్మనీ ఉక్కు గురించి చెప్పిన ఆ దసరా సెలవుల గూడ మా ఇంటి అరుగు మీద తంగేడు రాశి పోసే ఉన్నది, నాకు యాది.

ఇయ్యాల మనం ఉక్కు అనే మాటను ఏం చేసుకున్నం అని ఆలోచిస్తే జర కష్టమనిపిస్తది. గిన్నెలు స్టీలువి, బీరువా స్టీలుది, ఇల్లు కట్టుకునే సలాకలను స్టీలు అంటం, షాపుల పోయి ఉక్కు కావాలంటే పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తరు. ఉక్కు ఇగ పేపరోళ్ళకు మిగిలింది, ఉక్కుపాదం మోపుతమని మంత్రులు చెప్పెటందుకు, ఉక్కుమనిషి అనెటందుకు. ఒక్క విశాఖపట్నంల మాత్రం బతికున్నది. 1966ల "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం రోడ్ల మీదికి వచ్చిండ్రు, ప్రాణాలు గూడ పోయినయి, ఇప్పటికీ ఆ ప్లాంటు కాలనీ పేరు ఉక్కునగరమే. ఆ నినాదంల స్టీలు అని పెడితే హక్కుతోని కలవకపోవు, ప్రాస పుణ్యాన మాట బతికింది.

ఇదంతా తెలిసినంక తాత ముందట నిలబడి, నేనన్నదీ నువ్వన్నదీ ఒక్కటే తాతా, ఇంగ్లీషోడు నీ మాటనే సరిగ్గ రాసుకోలే అని చెప్పాలనిపించింది. ఎవరికి చెప్తం. బాపుకు చెప్పిన, బాపు అంతా విని, "మరి అప్పుడు రెండు మార్కులు ఎట్లేసిండ్రురా" అన్నడు.

తాత ఉక్కు వేసిన గొడ్డలి ఒకటి ఇంకా మా ఇంట్ల ఉన్నది. కామ రెండుసార్లు మారింది, అంచు మాత్రం అదే. మొన్న ఊరికి పోయినప్పుడు ఒకసారి గ్రైండర్ మీద పెట్టి రవ్వలు ఎట్ల విచ్చుకుంటయో చూద్దామని చేతులకు తీసుకున్న, మళ్ళ మనసొప్పక గోడకు ఆనిచ్చిన. అంతల పక్కింటి పిలగాడు వచ్చి చింతమొద్దు కొట్టుకుంట, జర గొడ్డలి ఇయ్యి పెద్దమ్మా అని అడిగి పట్టుకపోయిండు. వాడు గేటు దాటిందో లేదో అమ్మ వాకిట్లకు ఉరికొచ్చి, "ఓ పిలగా, రాళ్ళ మీద కొట్టకు బిడ్డా, వుక్కు పోతది" అని మొత్తుకున్నది.